వస్తువు కనిపించడం లేదు

రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తు మీద
రాత్రి పదకొండుకి నాకు మస్టర్ పడుతుంది.
పెద్ద పనేం కాదు.
పాత ఫోటోలొస్తాయి. వాటిలో ఉన్నవాటి చుట్టూ
పెట్టెలు గీసి, ఒక్కోదానికి
జాబితాలోంచి ఒక పేరు తగిలించాలి.
మనిషి. గుర్రం. గుడారం. తుపాకి.
పెట్టెకి అరవై పైసలు.

ఈ వారం కట్ట కొలరాడోది, పంతొమ్మిది వందల పద్నాలుగు.
కంపెనీ ఇళ్లలోంచి వెళ్లగొడితే
బొగ్గుబాయి వాళ్లు గుడారాలేసుకుని
చలికాలమంతా మంచులో సమ్మె చేశారట.
ఫోటో ఆ సంగతి చెప్పదు.
మూల మీద ఎవరో గీకిన ఊరి పేరు పట్టుకుని
టీ టైములో నేనే వెతుక్కున్నాను.

మొదటి ఫోటోలో గుడారాలే తొంభై దాకా.
తాడు మీద ఒక చొక్కా. జాబితాలో చొక్కా లేదు,
'గుడ్డ' అన్నాను.
ముందు వరసలో పిల్లలు, ఒకడు కదిలిపోయి
మొహం లేకుండా పడ్డాడు.
'మనిషి' అన్నాను. పిల్లలకీ పెద్దలకీ ఒకటే రేటు.

రెండో ఫోటోలో గుడారాల్లేవు.
ఇనప మంచాలు ఆకాశం కింద నిలబడి ఉన్నాయి
బట్టలూడదీసినట్టు.
ఒక పొయ్యి, గొట్టంతో సహా.
బూడిద మధ్యలో నల్లగా ఒక నలుపలక.
అది గొయ్యి.
తూటాలు పైనుంచి పోతాయి కదా అని
గుడారం అడుగున తవ్వుకున్నది.
ఏప్రిల్ ఇరవైన పైన గుడారం తగలబడితే
కింద ఇద్దరు ఆడవాళ్లు, పదకొండు మంది పిల్లలు
గాలి అందక.

జాబితా పైకీ కిందికీ జరిపాను.
'నీడ' ఉంది. 'ఖాళీ స్థలం' ఉంది.

మా నాయిన రాజలింగు మందమర్రిలో కోల్ ఫిల్లరు.
బాయి గురించి ఆయన చెప్పిందంతా పోగేస్తే
ఒక కాయితం నిండదు.
"బాయిల దిగినప్పుడు ఎన్నడు భయం కాలే బిడ్డా,
సమ్మెల పైన నిలబడ్డనాడే అయింది."
అంతే. మళ్లీ చుట్ట ముట్టించేవాడు.
ఎడమ పిక్క మీద లాఠీ దిగినచోట
తోలు నల్లబడి ఉండేది.
బొగ్గు మరక అనుకుని చిన్నప్పుడు
నేను సబ్బుతో రుద్దేదాన్ని.
రుద్దనిచ్చేవాడు.

'ఇతరములు' గడిలో గొయ్యి అని రాశాను, తెలుగులోనే.
మూడూ ఇరవైకి తిరిగొచ్చింది.
కారణం: వస్తువు కనిపించడం లేదు.
షిఫ్టు లీడరు ముబష్షిర్ హెడ్‌ఫోన్ మెడకి జార్చుకుని వచ్చాడు.
"ఫోటోలో లేనిదానికి పేరెందుకు మేడమ్, రేటింగ్ పోతుంది."
చెడ్డవాడు కాదు. ఆ నల్లటి నలుపలకని
నాకన్నా ఎక్కువసేపే చూశాడు.
"నీడ అని పెట్టెయ్యండి," అన్నాడు మెల్లగా.
పెట్టేశాను.
అరవై పైసలు.

తెల్లారుతోంది. అద్దం అవతల
కొత్త టవరు కోసం రాయిని పేల్చి తవ్విన సెల్లారు,
నాలుగంతస్తుల లోతు.
దాని అంచున నీలం రేకుల షెడ్లు.
రెండు నెలల కూలి బాకీ, సెంట్రింగు కూలి
ఒకడు పోయాడు; ఆయన పేరు మా క్యాంటీన్లో
మూడు రకాలుగా చెబుతున్నారు.
నాలుగు రోజులుగా క్రేను కదల్లేదు.
బీహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు, పాలమూరు వాళ్లు
గేటు ముందు సిమెంటు సంచులు పరుచుకుని కూర్చున్నారు.

అయిదుకి రెండు వ్యాన్లు వచ్చాయి, వెనక ఒక జేసీబీ.
రేకులు పడుతున్నాయి.
మా అద్దాలు రెండు పొరలవి,
ఒక్క చప్పుడు లోపలికి రాదు.
అద్దం మీద నా ఊపిరి పట్టిన చోట
వేలు దానంతటదే పెట్టె గీస్తోంది.
లోపల ఏం రాయాలో తేలేలోపు
ఆవిరి ఆరిపోతోంది, మళ్లీ ఊదుతున్నాను.

షెడ్డులోంచి ఒకామె గ్యాసు పొయ్యి ఎత్తుకుని వస్తోంది,
గొట్టం మట్టిలో ఈడ్చుకుంటూ.

నేనింకా లాగౌట్ కాలేదు.
ఎనిమిది ఫోటోలు మిగిలున్నాయి.